పేజీ అడుగున పేర్లు

ఆయన మళ్ళీ వేలు తడి చేసుకుంటున్నాడు. ఆ తడి వేలితో నా పేజీ తిప్పుతాడు, తిప్పి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, పేజీ పైభాగాన్ని కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా అడుక్కి దిగిపోతాడు. ఇన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని నేను రాసిన పైభాగమంతా ఆయనకి దారిలో తగిలే ఖాళీ స్థలం, ఆయనకి కావలసిన సరుకంతా ఆ సన్నగీత కింద ఉంది, చిన్న అక్షరాల్లో, ఫుట్‌నోట్లలో. వేలు నాలుకకి తగిలినప్పుడల్లా నా గుండె ఒక మెట్టు దిగుతోంది. దిగనీ. ఎన్ని మెట్లు దిగినా మొహం మీద నవ్వు మాత్రం చెదరకూడదని నా స్నేహితురాలు ఫౌజియా నా చేత ఒట్టు వేయించుకుంది, అద్దం ముందు నిలబెట్టి మరీ నేర్పింది, "పళ్ళన్నీ బయట పెట్టకు, అలాగని మూతీ ముడవకు, ఆ పళ్ళ డాక్టరు వాళ్ళు నిన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు నవ్వావే, అలా నవ్వు" అంది. ఆ నవ్వు చూశాకే ఆ సంబంధం తప్పిపోయిందని దానికి గుర్తు లేదు, నాకుంది. సంబంధం తప్పించిన ఆ నవ్వే ఇప్పుడూ నవ్వుతూ కూర్చున్నాను, వీపు నిటారుగా, చేతులు బల్ల మీద, నా థీసిస్ నా ముందు, నా వెనక హాలు నిండా జనం.

జనమంటే మావాళ్ళే. చివరి వరసలో ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చున్న ఆడవాళ్ళు, ఒళ్ళో గుడ్డ కప్పిన పళ్ళేలు, ఆ గుడ్డల కింద మిఠాయిలు, బక్లావా, మఖ్రూద్, రవ్వా వెన్నా తేనే కలిపి అమ్మ పొద్దున్నే చేసిన తమీనా. వాసన ఇక్కడిదాకా వస్తోంది, వేదిక మీద ఐదుగురు ప్రొఫెసర్లకీ వస్తూనే ఉంటుంది, మా పొట్టి అధ్యక్షుడు ఇందాకట్నుంచి రెండుసార్లు గుటక మింగారు. ఫలితం చెప్పేదాకా గుడ్డ తీయకూడదు, ఫలితం చెప్పేదాకా ఎవరూ నాలుక ఆడించి, శుభానికి తీసే యూయూ కూత తీయకూడదు, తలుపు దగ్గరే చెప్పారాయన, "అమ్మల్లారా, ఇది పెళ్ళిల్లు కాదు, వైవా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చోవాలి" అని. దానికి మా పేట పెద్దావిడ లల్లా హద్దా, "చెయ్యి అడ్డం పెట్టుకుంటేనే కదయ్యా యూయూ వచ్చేది" అంది. హద్దా నోరు అంత. ఆ నోటిలోంచి వచ్చిందే నా మూడో అధ్యాయం సగం.

సంగతి ఇదీ. వసంతం వస్తే మా ఖసంతీనా పాత ఊళ్ళో ఆడవాళ్ళు నారింజ పువ్వులూ గులాబీలూ రాగి బట్టీలో పెట్టి పన్నీరు దించుతారు, ఆ పద్ధతి మీద నా థీసిస్. పుస్తకాల్లో దాని గురించి ఉన్నది తక్కువ, ఈ చివరి వరసలో ఉన్నది ఎక్కువ. అందుకని ఎవరు చెప్పిన మాటకి వాళ్ళ పేరు, తండ్రి పేరుతో సహా, ఫుట్‌నోటులో పెట్టాను, పండితుల పేర్లు ఎలా పెడతామో అలాగే. రాజధాని ఆల్జీర్స్ నుంచి పొద్దున విమానంలో దిగిన ఈ పరీక్షకుడు, వేలు తడి చేసుకునే మఖ్లూఫ్ గారు, ముందే రిపోర్టు పంపాడు, పని బాగుంది, కానీ ఇళ్ళలో ఆడవాళ్ళ పేర్లు మూలాలు కావు, అవన్నీ తీసేసి 'పాత ఊరి స్త్రీలలో ఒకరు' అని రాయాలి, లేకపోతే సంతకం పెట్టను అని. ఆయన సంతకం లేకపోతే నాకు డాక్టరేటు లేదు. మా గైడు నవ్వార్ గారు మెత్తని మనిషి, నన్ను వరండాలోకి పిలిచి, "తీసెయ్యమ్మా వసీలా, పోయేదేముంది, డాక్టరేటు చేతికొచ్చాక పుస్తకం వేసుకుంటావుగా, అందులో ఎంత పెద్ద అక్షరాల్లో కావాలంటే అంత పెద్ద అక్షరాల్లో వేసుకో" అన్నారు. తీయలేదు. తీయనని ఆయనతో చెప్పలేదు కూడా, "చూస్తాను సార్" అన్నాను, చూశాను, చూస్తే ఒక్క పేరు కూడా తీయబుద్ధి కాలేదు. ఈ గంట గడిచేసరికి తేలిపోతుంది, వాళ్ళు ఉంటారో, నేనూ వాళ్ళూ కలిసి బయటికి నడుస్తామో.

"నూట పన్నెండో పేజీ," అన్నాడు మఖ్లూఫ్. గొంతు పెద్దది, మైకు అక్కర్లేని గొంతు. "ఒకటో ఫుట్‌నోటు. చదువుతున్నాను. 'లల్లా హద్దా, అమ్మార్ కూతురు, ఆమె ఇంట్లో, పూల రోజుల్లో చెప్పిన మాట.' బాగానే ఉంది. అదే పేజీ. రెండో ఫుట్‌నోటు. 'లల్లా హద్దా, అమ్మార్ కూతురు, ఆమె ఇంట్లో, పూల రోజుల్లో చెప్పిన మాట.' మళ్ళీ మొత్తం. నూట పద్నాలుగు..." మళ్ళీ వేలు. మళ్ళీ నాలుక. నా వెనక చివరి వరసలో గుసగుస మొదలైంది, నాకు తెలుసు అది ఎవరిదో, గుసగుసలాడటం ఆవిడకి చేతకాదు, ఎంత తగ్గించినా ఆవిడ గొంతు మూడిళ్ళకి వినిపిస్తుంది, "నా పేరేనే! నా పేరు, మా నాన్న పేరూనూ!"

ఆ పేర్లు అక్కడ అలా బుద్ధిగా కూర్చోవడానికి నేను పడ్డ పాట్లు ఈయనకేం తెలుసు. మొదట్లో నాకు ఏమీ రాదు, పేజీ అడుక్కి చేరేదాకా ఎంటర్ మీట కొట్టుకుంటూ పోయి, అక్కడ అడ్డగీతలు వరసగా టైపు చేసి గీత అనిపించి, దాని కింద చేత్తో ఒకటి, రెండు అని అంకెలు వేసి పేర్లు రాశాను, రెండు అధ్యాయాలు అలాగే రాశాను, చూసుకుని మురిసిపోయాను కూడా. తరవాత మొదటి అధ్యాయంలో ఒక్క వాక్యం, ఒకే ఒక్క వాక్యం కలిపాను. అంతే, అడుగున ఉన్నవన్నీ కదిలాయి. గీతలు పేజీ నడిమికి వచ్చేశాయి, హద్దా పక్క పేజీ నెత్తి మీదకెక్కింది, హద్దాలాగే మాటలు చెప్పిన ముబారకా రెండు పేరాల మధ్య ఇరుక్కుంది, పెళ్ళి పందిట్లో వాన పడ్డట్టు ఎవరి కుర్చీ ఎవరిదో తెలియకుండా అందరూ అటూ ఇటూ. నేను ఏడుస్తుంటే ఫౌజియా వచ్చింది, మునిసిపల్ ఆఫీసులో రోజంతా కంప్యూటరు ముందే ఉంటుంది అది, చూసి, తలకి కట్టుకున్న గుడ్డ జారిపోయేదాకా నవ్వింది. "ఇదంతా చేత్తో కొట్టావా? నువ్వు డాక్టరువి అవుతావటే? దీనికో మీట ఉంటుందే పిచ్చిదానా!" నా చేతి మీద చెయ్యి వేసి నొక్కించింది. మాట పక్కన బుల్లి అంకె లేచింది, పేజీ అడుగున గీత దానంతటదే పడింది, గీత కింద అదే అంకె, దాని పక్కన కర్సరు రెప్పలు కొడుతూ. పైన ఏం కలిపినా ఏం తీసినా ఇక ఆ మాటా ఆ పేరూ విడిపోవు, మాట ఏ పేజీకి వెళితే పేరూ ఆ పేజీకే. నాకు ఒళ్ళంతా జల్లుమంది. ఇంత బుద్ధిగల ఏర్పాటు ఎవడు కనిపెట్టాడో వాడి కడుపు చల్లగా ఉండాలని అప్పుడే అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

అయితే ఆ కనిపెట్టినవాడికి మా రాత కుడి నుంచి ఎడమకి నడుస్తుందని తట్టలేదు. గీత ఎడమ పక్క పడింది. మా పేరు కుడి పక్క మొదలవుతుంది, గీతేమో ఎడమ పక్కన వేరు కాపురం పెట్టింది. ఎక్కడ పట్టుకున్నా కదలదు, మౌసుకి దొరకదు, చెరపబోతే చెరగదు. అంకెకి రెండు పక్కలా బ్రాకెట్లు ఉండాలని మా యూనివర్సిటీ రూలు, పెడితే పక్కన ఫ్రెంచి పుస్తకం పేరు రాగానే ఆ బ్రాకెట్లు పిల్లిమొగ్గలు వేసి రెండూ ఒకే వైపు తిరిగి నిలబడేవి, అలిగిన తోడికోడళ్ళలాగా. అంకెలు ప్రతి పేజీలో మళ్ళీ ఒకటి నుంచి మొదలవ్వాలి, అది ఇంకో రూలు, దానికి ఎక్కడో లోపల మూడో గదిలో ఇంకో మీట. ఒక్కొక్కటీ నాకు మూడు చెరువుల నీళ్ళు తాగించింది. కానీ ఒక్కొక్కదాన్నీ లొంగదీశాను. గీత సంగతి తేలిన మధ్యాహ్నం మర్చిపోలేను, పేజీ చూపించే పద్ధతి మార్చి, గీత దాక్కున్న అర తెరిచి, దాన్ని పట్టుకుని దిశ మార్చాను, వెనక్కి వచ్చి చూస్తే గీత కుడి పక్కన, పేర్ల నెత్తి మీద, ఎక్కడుండాలో అక్కడ. నేను కేక పెట్టాను. వంటింట్లో ఉన్న అమ్మకి ఎందుకో ఏమిటో తెలియదు, నా కేక విని గరిటె చేత్తోనే యూయూ తీసింది, అది విని పక్కింటివాళ్ళు, వాళ్ళది విని ఎదురింటివాళ్ళు, పావుగంటలో నలుగురు ఆడవాళ్ళు గుమ్మంలో, "ఎవరే అబ్బాయి? ఏం చేస్తాడు?" అని. "అబ్బాయి కాదు, గీత కుడిపక్కకి వచ్చింది" అంది అమ్మ. "ఓహో, శుభం" అన్నారు వాళ్ళు, కాఫీ తాగి వెళ్ళారు.

"నూట పద్దెనిమిది," అంటున్నాడు మఖ్లూఫ్. "ఒకటో ఫుట్‌నోటు. 'ముబారకా, తాహర్ కూతురు...' రెండో ఫుట్‌నోటు. 'లల్లా హద్దా, అమ్మార్ కూతురు...'"

"ఉన్నానయ్యా!" అంది హద్దా.

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. అధ్యక్షుడు బల్ల మీద కొట్టారు. నేను వెనక్కి తిరగలేదు, తిరిగితే నవ్వు ఆగదు, ఫౌజియా నేర్పిన నవ్వు కాదు, అసలు నవ్వు. హద్దా ఎగతాళి చేయలేదు, ఆవిడకి ఎగతాళి అక్కర్లేదు, పేరు పిలిచారు, పలికింది. ఈ పేర్ల సంగతి మొదటిసారి చెప్పినప్పుడు ఎంత గొడవ పడింది! హద్దా ఇంటి వాకిట్లో బట్టీ పొయ్యి మీద ఉంది, మూత మీద తెల్లగుడ్డ కట్టి ఉంది, సాంబ్రాణి వేశారు, తమీనా పళ్ళెం చేతులు మారుతోంది, పక్కన దుప్పటి మీద నారింజ పూల కుప్ప. బట్టీ ముక్కు లోంచి మొదటి చుక్కలు సీసాలోకి పడుతుంటే అందరూ మాట తగ్గించిన సమయంలో నేను చెప్పాను, మీ పేర్లు వేస్తాను, పేజీ అడుగున, అని. "అడుగునా?" అంది హద్దా. "అంటే చెప్పులు విడిచేచోట కూర్చోబెడతావా మమ్మల్ని?" అక్షరాలు చిన్నగా ఉంటాయి కూడా అని తెలిసి ఇంకా మండిపడింది. ముబారకా సన్నటి గొంతు మనిషి, ఎవరికీ ఎదురు చెప్పదు, సీసా వైపు చూపించి, "పన్నీరు కిందకే కదా దిగేది, పైన మిగిలేది ఉడికిన పువ్వు" అంది. హద్దా సీసాలోకి వంగి చూసింది. "సరే రాయి. కానీ ఓసారి రాసి వదిలేశావంటే ఊరుకోను. చెప్పిన ప్రతిసారీ నా పేరుండాలి." 

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. బట్టీ అతుకుల దగ్గర ఆవిరి పోకుండా తడిపిండి పూసి గుడ్డ చుట్టడం మా పేటలో అమ్మ చేసినట్టు ఎవరూ చేయరు, ఆ పని గురించి రెండు మాటలు అమ్మవే రాశాను. "నా పేరొద్దు," అంది. "నలుగురూ ఏమంటారు? వాళ్ళమ్మ పేరు రాసుకుని డాక్టరయిందంటారు. హద్దా పేరు రాయి, ఆవిడకి సరదా." వారం రోజులు బతిమాలితే, "ఒక్కసారి రాసుకో, ఒక్కసారే, ఏదో మూల" అంది. అందుకని మొదటి మాటకి అకీలా, సాలహ్ కూతురు అని పేరు పెట్టి, దాని వెంటనే వచ్చే రెండో మాటకి 'పైదే' అని పెట్టాను, ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి, తప్పేమీ లేదు. థీసిస్ మొత్తం మీద 'పైదే' అన్న మాట అదొక్కటే. మిగతావాళ్ళందరికీ ప్రతి పేజీలో, ప్రతి అంకెకీ, పూర్తి పేరు.

"ఎందుకమ్మా ఇంత సొద?" అన్నాడు మఖ్లూఫ్. మొదటిసారి పేజీ అడుగు నుంచి కళ్ళెత్తి నా వైపు చూశాడు. "'పైదే' అని ఒక మాటుంది మనకి. అందరూ వాడతారు. కాగితం ఆదా, సిరా ఆదా. మీకు ఆ మాటంటే పడదా?"

"పేజీలు జరుగుతాయి సార్," అన్నాను. గొంతు నాదేనా అనిపించింది, అంత నిలకడగా ఉంది. "ఇవాళ ఈ పేజీలో ఉన్నది రేపు అచ్చులో ఇంకో పేజీకి పోతుంది. అప్పుడు పైన ఎవరున్నారో తెలియదు. వాళ్ళు చెప్పిన మాట ఎక్కడికి పోతే వాళ్ళ పేరు అక్కడ ఉండాలి."

ఆయన పెన్ను తీసి మార్జిన్‌లో ఏదో గీసుకున్నాడు, మెప్పో ఉరో నాకు తెలియలేదు. మా గైడు నవ్వార్ గారు తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. నేను మాత్రం చెప్పిన మాటకి నాకే ధైర్యం వచ్చి, ఇక అమ్మ పేరు ఎలా ఉందో చూసుకుందామని నా ముందున్న కాపీలో నూట నలభై రెండో పేజీ తిప్పాను. ఆ రిపోర్టు వచ్చాక అట్ట వేయించిన ఈ కాపీ తెరవడం ఇదే మొదటిసారి, అచ్చు షాపు నుంచి నేరుగా యూనివర్సిటీ ఆఫీసుకి పోయింది, నేను చదువుకున్నదంతా ఇంట్లో కంప్యూటరు మీద. అడుగున ఉంది, అకీలా, సాలహ్ కూతురు, ఒకటో ఫుట్‌నోటు. దాని కింద రెండోది ఉండాలి. లేదు. ఖాళీ. పేజీ తిప్పాను. నూట నలభై మూడు, అడుగున, గీత కింద, అన్నిటికన్నా ముందు, ఒకటో అంకె పక్కన, పైదే.

మా దగ్గర ఇంతకు మించిన నేరం లేదు. పేజీ మారితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి, కొత్త పేజీలో మొదటి ఫుట్‌నోటు 'పైదే' కాకూడదు, పైన ఏముందని, గీత తప్ప? ఈ తప్పు కోసమే మఖ్లూఫ్ ఊరూరా తిరుగుతాడని చెప్పుకుంటారు, ఒక పిల్లాడి వైవాలో నాలుగు చోట్ల పట్టుకుని, "పైదే అంటే ఏది నాయనా, ఫ్యానా?" అన్నాడట, ఆ పిల్లాడు ఇప్పటికీ ఫ్యాను కింద కూర్చోడట. షాపు. షాపువాడు నా పీడీఎఫ్ ఫైలు తెరుచుకోలేదన్నాడు, "అసలుది పంపించు చెల్లెమ్మా, నేను చూసుకుంటాగా" అన్నాడు, చూసుకున్నాడు, వాడి కంప్యూటరులో నా అక్షరాలు లేవు, వేరే అక్షరాలు వచ్చి కూర్చున్నాయి, కాస్త లావువి, వాక్యాలు సాగాయి, పేజీలు కదిలాయి. ఇప్పుడు తెలుస్తోంది. మొదటి నుంచి చివరిదాకా కదిలాయి. అయినా హద్దా చెక్కుచెదరలేదు, ముబారకా చెక్కుచెదరలేదు, పేజీలు ఎటు జరిగినా పూర్తి పేరుతో, తండ్రి పేరుతో, కాళ్ళ మీద నిలబడ్డారు. జారిపోయింది ఒక్కరే. పేరొద్దు, ఏదో మూల రాసుకో అన్న మనిషి.

వేలు తడి అయింది. నూట ముప్పై ఏడు, దాటేశాడు. నూట నలభై. ముబారకా పేరు చదివాడు, సన్నగా "అవునండీ" అని వినిపించింది, ఈసారి అధ్యక్షుడు బల్ల కొట్టలేదు, ఆయన భుజాలు ఊగుతున్నాయి. నేను చెప్పొచ్చు, షాపువాడు సార్, అక్షరాలు మారిపోయాయి సార్, నా ఫైలులో సరిగ్గా ఉంది సార్. నిజమే. కానీ ఇప్పుడేగా పేజీలు జరుగుతాయని అంత గొప్పగా చెప్పాను. నూట నలభై రెండు. ఆగాడు. "అకీలా, సాలహ్ కూతురు" అని చదివాడు. వెనక వరసలో ఎవరూ పలకలేదు. అమ్మ పలకదు, పళ్ళెం మీది గుడ్డ అంచు సర్దుకుంటూ ఉంటుంది, నాకు చూడక్కర్లేదు. వేలు. పేజీ. నూట నలభై మూడు.

ఆయన మొహం వెలిగింది. అబద్ధం చెప్పను, అంత ఆనందం నేను ఒక మనిషి మొహం మీద చాలా తక్కువసార్లు చూశాను, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు, కుర్చీలో ముందుకి జరిగాడు, పక్కనున్న ప్రొఫెసర్లు కూడా ఏం దొరికిందో చూద్దామని మెడలు సాచారు.

"పైదే," అన్నాడు. మెల్లగా, మిఠాయి నోట్లో వేసుకున్నట్టు. "పేజీలో మొదటి ఫుట్‌నోటు. పైదే. పైన ఏముందమ్మా వసీలా గారూ? ఇందాక నాకే పాఠం చెప్పారు. చెప్పండి, ఎవరు ఇది? ఎవరు చెప్పిన మాట?"

షాపు మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి పంపేశాను.

"మా అమ్మ, సార్."

"అమ్మ అనేది మూలం పేరు కాదు," అన్నాడు. "అందరికీ ఉంటుంది అమ్మ. పేరు. నాకు పేరు కావాలి. మూలానికి పేరుండాలి, పూర్తి పేరు, ఏ పేజీ తెరిస్తే ఆ పేజీలో. పేరు లేని మూలాన్ని నేను నా జన్మలో ఒప్పుకోలేదు, ఇవాళ ఒప్పుకోను."

నేను నోరు తెరిచేలోపు వెనక కుర్చీ కిర్రుమంది. పళ్ళెం ఎవరి చేతికో ఇస్తున్న చప్పుడు. ఇక ఆగలేక తిరిగాను. అమ్మ లేచి నిలబడింది. పెళ్ళిళ్ళకి తప్ప తీయని ముదురు ఎరుపు వెల్వెట్ గౌను, నడుముకి జరీ పట్టీ, రెండు చేతులూ ముందు కట్టుకుని, బడిలో లేచిన పిల్లలాగా.

"నేనేనండీ," అంది. "పేరొద్దన్నది నేనే. దాన్నేమీ అనకండి. అది రాస్తానంది, నేనే వద్దన్నాను."

"ఎందుకొద్దన్నారు?" అన్నాడు మఖ్లూఫ్.

"నలుగురూ నవ్వుతారని."

"నలుగురి సంగతి నాకనవసరం. మీరు చెప్పిన మాట వాడుకుంది, పేరు రాయాలి. పేరు చెప్పండి."

అమ్మ నా వైపు చూసింది, నేను తల ఊపాను, అమ్మ ఆయన వైపు తిరిగింది. "అకీలా," అంది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. "సాలహ్ కూతుర్ని."

మఖ్లూఫ్ రాసుకున్నాడు. నా కళ్ళతో చూశాను, వేలు కూడా తడి చేసుకోకుండా, నా పేజీ అడుగున, ఆ చిన్న అక్షరాల పక్కన, తన పెన్నుతో అమ్మ పేరు రాశాడు. రాస్తూ రాస్తూ ఆగాడు. ఏం చేస్తున్నాడో ఆయనకి అప్పుడు తెలిసింది. నవ్వార్ గారికి ఆయనకన్నా ఒక్క క్షణం ముందే తెలిసింది, ఆ మెత్తని మనిషి, పెన్ను మూత టక్కున పెట్టి, "అయితే మఖ్లూఫ్ గారూ, మీ రిపోర్టులో మాట..." అన్నారు. ఐదుగురూ ఆ పెన్ను వైపే చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను, చివరి వరస మొత్తం పళ్ళేలు పట్టుకుని లేచి నిలబడి చూస్తోంది. ఆయన పేరు ఉంచాలా, కొట్టేయాలా? కొట్టేస్తే గీత కింద 'పైదే' ఒంటరిగా మిగులుతుంది, అది చూసి ఆయన రాత్రి నిద్రపోలేడు, ఆ మనిషిని ఈ గంటలో నేను బాగా చదివాను. ఉంచితే అందరూ ఉంటారు. అభిప్రాయం ఆయనకి ఉండొచ్చు, కానీ రూలంటే ఆయనకి ప్రాణం.

"నా రిపోర్టులో ఏం రాశానో నాకు గుర్తుందండీ," అన్నాడు చివరికి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు లేకుండా ఆ మొహం వేరే, అలసిపోయిన మామూలు మొహం, పొద్దున విమానం కోసం కాఫీ కూడా తాగకుండా బయల్దేరిన మొహం. "రిపోర్టు రాసినప్పుడు ఈ పేర్లు నాకు కాగితం మీదవి." వాక్యం పూర్తి చేసి, రాయడం కూడా పూర్తి చేశాడు, సాలహ్ కూతురు అని చివరిదాకా, చుక్క పెట్టి మరీ.

తీర్పు కోసం మమ్మల్నందరినీ బయటికి పంపారు. వరండాలో హద్దా నన్ను పట్టుకుని, "ఎన్నిసార్లు చదివాడే నా పేరు! మా ఆయన నలభై ఏళ్ళ కాపురంలో అన్నిసార్లు పిలవలేదు" అంటోంది, ఫౌజియా నా చెయ్యి నలిపేస్తోంది, ముబారకా ఏదో దువా చదువుతోంది, అమ్మ గోడవైపు తిరిగి, "చూశావా, వద్దన్నానా, ఎంత రభస అయిందో" అంటూ కళ్ళు తుడుచుకుంటోంది. నాకు ఏ మాటా పూర్తిగా వినబడటం లేదు. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది, ఇంటికి వెళ్ళగానే ఫైలు తెరవాలి, ఆ అంకె పక్కకి కర్సరు తీసుకెళ్ళాలి, ఆ రెండక్షరాలూ చెరపాలి, పూర్తి పేరు కొట్టాలి, పేజీ జరిగితే జరగనీ, ఎటు కావాలంటే అటు జరగనీ, ఇక ఎవరూ జారిపోరు. తలుపు తెరుచుకుంది.

లోపలికి వెళ్ళి అందరూ నిలబడ్డారు. అధ్యక్షుడు కాగితం చదివారు, నా పేరు, నాన్న పేరు, థీసిస్ పేరు, అంతా ఎంత నెమ్మదిగానో, తరవాత డాక్టరేటు అన్నారు, అత్యున్నత ప్రశంసతో అన్నారు, సంఘం ఏకగ్రీవంగా అన్నారు, చేతులు నోళ్ళ దగ్గరికి లేవబోతుంటే వేలెత్తి ఆపారు, "ఒకే ఒక్క సవరణకి లోబడి. మఖ్లూఫ్ గారు చదువుతారు." మఖ్లూఫ్ గారు లేచారు. "నూట నలభై మూడో పేజీ," అన్నారు, మైకు అక్కర్లేని ఆ గొంతుతో. "ఒకటో ఫుట్‌నోటు. 'పైదే' కొట్టివేయాలి. దాని స్థానంలో 'అకీలా, సాలహ్ కూతురు, ఆమె ఇంట్లో, పూల రోజుల్లో చెప్పిన మాట' అని పూర్తిగా రాయాలి. ఇది లేకుండా నేను సంతకం పెట్టను."

అప్పుడు లేచింది యూయూ. హద్దా మొదలుపెట్టింది, ముబారకా అందుకుంది, ఆ సన్నగొంతులో అంత పొడుగు కూత ఎక్కడ దాచుకుందో, వరస వరసంతా, నాకు పేరు తెలియని ఆడపిల్లలు కూడా వరండాలోంచి అందుకున్నారు, కిటికీ అద్దాలు గడగడలాడాయి, నేను నవ్వుతున్నాను, పళ్ళన్నీ బయట పెట్టి, ఏ సంబంధం తప్పిపోతే పోనీ. గెలిచాం. ఒక్కరు కూడా తగ్గకుండా, ఇంకా ఒకరు ఎక్కువై గెలిచాం. పళ్ళేల మీద గుడ్డలు లేచిపోయాయి. అమ్మ నా దగ్గరికి రాలేదు, నేరుగా వేదిక ఎక్కి, తమీనా పళ్ళెం మఖ్లూఫ్ గారి ముందు పెట్టి నిలబడింది. ఆయన ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నారు, కళ్ళు మూసుకున్నారు, తేనె అంటిన వేలు మెల్లగా నాకారు.

"ఎవరు నేర్పారమ్మా మీకిది?"

"లల్లా హద్దా, అమ్మార్ కూతురు," అంది అమ్మ, ఒక్క మాట కూడా తగ్గకుండా, "ఆమె ఇంట్లో, పూల రోజుల్లో."